ఫ్రీడ్‌హోఫ్: శాంతి ప్రాంగణమా, కంచె వేసిన ఆవరణా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. సమాధుల స్థలానికి జర్మన్‌లో వాడే ఫ్రీడ్‌హోఫ్ అనే సమాసాన్ని తరగతిలో "ఫ్రీడె అంటే శాంతి, హోఫ్ అంటే ప్రాంగణం, కాబట్టి శాంతి ప్రాంగణం" అని విడదీసి చెప్పారు. తర్వాత మీరు చూసిన వ్యుత్పత్తి నిఘంటువులో మాత్రం ఈ మాట పుట్టినప్పుడు అందులో శాంతి లేదనీ, అది తరువాతి కాలంలో వచ్చి చేరిందనీ ఉంది. రెండింటిలో ఏది నిజమని, రైల్వే స్టేషన్‌ను సూచించే బాన్‌హోఫ్‌లోని హోఫ్, ఇక్కడి హోఫ్ ఒకటేనా అని అడిగారు.

నిఘంటువు చెప్పినదే సరైనది. ఈ సమాసంలోని పూర్వపదం శాంతిని చెప్పే ఫ్రీడె కాదు. కాపాడడం, పదిలంగా చూసుకోవడం, హాని చేయకుండా విడిచిపెట్టడం అనే అర్థాలున్న ఒక పాత క్రియ. ఆ క్రియ జర్మన్‌లో ఎప్పుడో వాడుక తప్పింది. దానికి వినికిడిలో దగ్గరగా ఉన్న ఫ్రీడె ఆ ఖాళీలోకి వచ్చింది. అయితే మీ తరగతిలో చెప్పిన మాటను పూర్తిగా తోసిపుచ్చడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే ఆ పాత క్రియా ఈ ఫ్రీడె కూడా చాలా వెనక్కి వెళ్తే ఒకే ధాతువు దగ్గర కలుస్తాయి. నాకు ఈ సమాసం మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే. ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

ఉత్తరపదంతో పెద్ద ఇబ్బంది లేదు. హోఫ్ అంటే ఇంటికి లేదా కట్టడానికి చేర్చి చుట్టూ హద్దులున్న ఖాళీ స్థలం, మన లోగిలి లాంటిది. రైతు ఇల్లు, కొట్టాలు, పెరడు కలిపి బౌవర్న్‌హోఫ్; ప్రయాణికులు దిగే సత్రం గాస్ట్‌హోఫ్; రాజు లోగిలి కాబట్టి రాజాస్థానం కూడా హోఫే. ఆస్థాన మర్యాద తెలిసినవాడనే అర్థం నుంచి మర్యాదస్తుడిని చెప్పే హోఫ్లిష్ వచ్చింది. చూడచక్కగా ఉన్నదాన్ని చెప్పే హ్యూబ్ష్ కూడా అదే ఆస్థానం నుంచి వచ్చిందంటే నమ్మడం కష్టం గానీ, మధ్యయుగపు రూపాలు చూస్తే సందేహం మిగలదు. బాన్‌హోఫ్‌లో ఉన్నది ఈ హోఫే, ఫ్రీడ్‌హోఫ్‌లో ఉన్నదీ ఇదే. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇంతే.

చిక్కంతా పూర్వపదంలో ఉంది. ఇక్కడ తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది: మన లిపి హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ వేరువేరుగా చూపిస్తుంది. మధ్యయుగపు జర్మన్ రాతప్రతుల్లో దీర్ఘాన్ని సాధారణంగా గుర్తించేవారు కాదు. ఇప్పుడు మనం చదివే ముద్రిత ప్రతుల్లో అచ్చుల మీద కనిపించే గుర్తులు చాలా మటుకు తరువాతి పండితులు ఛందస్సునూ ప్రాసలనూ సోదర భాషలనూ పరిశీలించి పెట్టినవి. ఈ వాదమంతా ఒక్క దీర్ఘం మీద ఆధారపడి ఉంది కాబట్టి కింద నేను రాసే రూపాల్లో గుడినీ గుడిదీర్ఘాన్నీ జాగ్రత్తగా గమనించండి.

ప్రాచీన ఉన్నత జర్మన్‌లో, అంటే సుమారు 8వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం మధ్య వరకు నడిచిన దశలో, శాంతిని చెప్పే మాట ఫ్రిడు. ఇందులో ఇకారం హ్రస్వం. దాని తర్వాతి దశ అయిన మధ్య ఉన్నత జర్మన్‌లో అది ఫ్రిడె అయింది. హ్రస్వం హ్రస్వంగానే ఉంది. ఆ కాలంలోనే మన సమాసం కూడా భాషలో ఉంది, కానీ దాని రూపం ఫ్రీట్‌హోఫ్. ఇందులో ఈకారం దీర్ఘం. అంటే ఈ రెండు మాటలూ పక్కపక్కనే బతికిన కాలంలో, వాటిని పలికేవారి చెవికి అవి వేరు మాటలు. తెలుగులో పిడికీ పీడకీ ఎంత దూరమో, ఆనాటి జర్మన్ చెవికి ఫ్రిడెకీ ఫ్రీట్‌కీ అంత దూరం.

మరి ఇప్పటి మాటలో కూడా దీర్ఘమే ఉంది కదా, పైగా జర్మన్‌లో పదాంశం చివర వచ్చే డకారాన్ని టకారంగా పలుకుతారు కాబట్టి ఫ్రీడ్‌హోఫ్ అని రాసినా పలికేది ఫ్రీట్‌హోఫ్ అనే కదా, అలాంటప్పుడు ఏం మారినట్టు అని మీరు అడగవచ్చు. అసలు కీలకం అక్కడే ఉంది. ఈ మాట మారకపోవడమే దీనిలో ఏదో జరిగిందనడానికి సాక్ష్యం.

మధ్య ఉన్నత జర్మన్ నుంచి ఆధునిక జర్మన్‌కు వచ్చే దారిలో అచ్చుల విషయంలో రెండు పెద్ద మార్పులు జరిగాయి. మొదటిది, పాత దీర్ఘ ఈకారం ఐకారంగా, దీర్ఘ ఊకారం ఔకారంగా విచ్చుకోవడం. ఈ మార్పు 12వ శతాబ్దంలో ఆగ్నేయ ప్రాంతాల్లో, అంటే నేటి ఆస్ట్రియా, బవేరియా వైపు మొదలై నెమ్మదిగా ఉత్తరానికీ పడమటికీ పాకింది. "నా కొత్త ఇల్లు" అనే మూడు మాటలతో విద్యార్థులకు దీన్ని నేర్పుతారు: పాత రూపం మీన్ న్యూవెస్ హూస్, కొత్త రూపం మైన్ నోయెస్ హౌస్. అలాగే కాలాన్ని చెప్పే త్సీట్ త్సైట్ అయింది, మంచును చెప్పే ఈస్ ఐస్ అయింది. స్విట్జర్లాండ్ జర్మన్ మాండలికాలకు ఈ మార్పు సోకలేదు. అక్కడ ఇంటిని ఇప్పటికీ హూస్ అంటారు.

రెండో మార్పు, అచ్చుతో ముగిసే పదాంశంలోని హ్రస్వం సాగి దీర్ఘం కావడం. ఏడును చెప్పే జిబెన్ జీబెన్ అయింది, పడుకోవడాన్ని చెప్పే లిగెన్ లీగెన్ అయింది. ఫ్రిడె కూడా ఈ వరుసలోదే. అది ఇలాగే ఫ్రీడె అయింది.

ఇప్పుడు ఈ రెండు సూత్రాలనూ మన రెండు మాటలకు వర్తింపజేయండి. ఫ్రిడె రెండో సూత్రం ప్రకారం ఫ్రీడె కావాలి, అయింది. ఫ్రీట్‌హోఫ్ మొదటి సూత్రం ప్రకారం ఫ్రైట్‌హోఫ్ కావాలి. ప్రామాణిక భాషలో కాలేదు. ధ్వని మార్పులు ఒక మాటను తాకి పక్క మాటను ఊరికే వదిలిపెట్టవు. వదిలితే దానికి ఒక కారణం ఉండాలి. ఇక్కడి కారణం, అప్పటికే దీర్ఘం తెచ్చుకున్న ఫ్రీడె ఈ సమాసాన్ని తనవైపు లాక్కోవడం. ఫ్రీట్ అనే క్రియాభాగం ఎవరికీ అర్థం కాని దశకు వచ్చేసరికి, జనం దాన్ని తమకు తెలిసిన ఫ్రీడెగా విన్నారు, అలాగే రాశారు. దీన్నే భాషాశాస్త్రంలో జానపద నిరుక్తి అంటారు.

ఇది ఊహ కాదనడానికి రెండు గట్టి సాక్ష్యాలున్నాయి. బవేరియా, ఆస్ట్రియా మాండలికాల్లో సమాధుల స్థలాన్ని ఫ్రైట్‌హోఫ్ అనే అంటారు. అంటే సూత్రం ప్రకారం రావలసిన రూపం అక్కడ అచ్చంగా వచ్చింది. ప్రామాణిక భాష దారి తప్పిన చోట మాండలికం తప్పలేదు. మాండలిక రూపాన్ని చూడగానే అది అపభ్రంశమనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. వ్యుత్పత్తి విషయంలో చాలాసార్లు పల్లె నోటిలోనే అసలు రూపం దొరుకుతుంది.

రెండో సాక్ష్యం నెదర్లాండ్స్‌లో ఉంది. యూరోపియన్ యూనియన్ ఒప్పందం మీద 1992లో సంతకాలు జరిగిన మాస్ట్రిఖ్ట్ నగరం నడిబొడ్డున, సెయింట్ సెర్వాటియుస్ బసిలికా పక్కనే, వ్రెయిట్‌హోఫ్ అనే పెద్ద చౌకు ఉంది. ఇప్పుడది కాఫీ హోటళ్లతో, సంగీత కచేరీలతో సందడిగా ఉండే చోటు. పూర్వం చర్చికి చేర్చి సమాధులున్న స్థలం. డచ్ భాషలో పాత దీర్ఘ ఈకారం ఎయి అనే ధ్వనిగా మారింది, హ్రస్వ ఇకారం ఇలాంటి చోట ఏకారమైంది. కాబట్టి డచ్‌లో శాంతి వ్రేడె, ఆ చౌకు వ్రెయిట్‌హోఫ్. శాంతికీ ఈ ప్రాంగణానికీ మొదటి భాగం ఒకటే అయివుంటే డచ్‌లో కూడా రెండూ ఒకేలా ఉండాలి. అవి వేరుగా ఉన్నాయంటే, మూలంలో కూడా ఒకదానిలో హ్రస్వం, మరొకదానిలో దీర్ఘం ఉండేవన్నమాట.

ఇక ఆ పాత క్రియ సంగతి. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో దాని రూపం ఫ్రీటెన్. ఆప్యాయంగా చూసుకోవడం, సంరక్షించడం దాని అర్థాలు. దీనికి అక్క వరసైన మాట గోథిక్ భాషలో దొరుకుతుంది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిలును గోథిక్‌లోకి తెచ్చారు. జర్మానిక్ భాషలన్నిటిలో మనకు దక్కిన మొదటి పెద్ద గ్రంథం అదే. అందులో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, మిమ్మల్ని నొప్పించకూడదనే నేను మళ్లీ మీ ఊరికి రాలేదని పౌలు చెప్పే చోట ఫ్రీద్యన్ అనే క్రియ వస్తుంది. శిక్షించగలిగి ఉండి కూడా కనికరించి ఊరుకోవడం అక్కడి భావం. ఈ భావాన్ని మనసులో పెట్టుకుంటే సమాసం అర్థం తేటపడుతుంది. ఫ్రీట్‌హోఫ్ అంటే లోపలికి వచ్చినవారికి హాని జరగని ప్రాంగణం, రక్షణలో ఉన్న ఆవరణ.

మొదట్లో ఈ మాటకు చావుతో సంబంధం లేదు. పాత జర్మన్‌లో ఇది లాటిన్ ఆట్రియుమ్‌కు సమానంగా వాడిన మాట. ఇంటికో చర్చికో ముందుండే ముంగిలి అని అర్థం. చర్చి ముంగిలికి గోడో కంచో ఉండేది. తరుముకొస్తున్న శత్రువుల నుంచి పారిపోయి వచ్చినవాడు చర్చిలోకి గానీ ఆ ముంగిట్లోకి గానీ అడుగుపెడితే అతని మీద చేయి చేసుకోకూడదనే ఆశ్రయ నియమం మధ్యయుగంలో ఉండేది. చనిపోయినవారిని చర్చికి, అందులోని పునీతుల అస్థికలకు వీలైనంత దగ్గరగా పాతిపెట్టాలని అందరూ కోరుకునేవారు కాబట్టి ఆ ముంగిలే క్రమంగా సమాధులతో నిండింది. స్థలం అదే, పేరు అదే. అక్కడ జరిగే పని మారింది, పనితో పాటు మాట అర్థమూ మారింది.

ఆ కంచె గురించి ఒక మాట చెప్పాలి. పూడ్చిన చోట్లను పశువులు, ముఖ్యంగా పందులు, కుళ్లగించకుండా చూడడం ఊళ్లో అందరికీ పట్టే సంగతి. అందుకే జర్మనీలో కొన్ని పాత చర్చి ఆవరణల వాకిట్లో నేల మీద గుంట తవ్వి, దాని మీద ఊచలను ఎడంగా పరిచిన అమరిక కనిపిస్తుంది. మనిషి చూసుకుని అడుగు వేసి దాటగలడు; డెక్కలున్న జంతువు దాటలేదు, దాటబోతే కాలు ఇరుక్కుంటుంది. దాని పేరు బైన్‌బ్రెఖర్, అంటే కాలు విరిచేది. రక్షిత ఆవరణ అనే అర్థం నిఘంటువులో చదివితే పొడిగా అనిపించవచ్చు గానీ, ఆ ఊచల ముందు నిలబడితే ఫ్రీటెన్ అనే క్రియ కళ్లముందు ఉంటుంది.

ఇదే ఆలోచన మరో దారిలోనూ కనిపిస్తుంది. రైన్ నదికి పడమర ఉన్న మరియా లాఖ్ మఠపు చర్చికి ముందు స్తంభాల మండపంతో మూసిన ముంగిలి ఉంది. దాని పేరు పారాడీస్, అంటే స్వర్గం. ఆ మాట గ్రీకు, లాటిన్‌ల మీదుగా ప్రాచీన ఇరానీ నుంచి వచ్చింది. పార్శీల పవిత్ర గ్రంథమైన అవెస్తాలో పైరి-దయేజ అంటే చుట్టూ గోడ కట్టిన స్థలం. పైరి మన పరి ఉపసర్గకు తోబుట్టువు. అక్కడా మొదట ఉన్నది గోడ, తర్వాత వచ్చింది ఆనందం. ఫ్రీట్‌హోఫ్‌లో మొదట ఉన్నది రక్షణ, తర్వాత వచ్చింది శాంతి.

ఆ శాంతి ఎప్పుడు స్థిరపడిందన్నది భాష ఒక్కటే తేల్చే సంగతి కాదు, ఊళ్ల చరిత్రతో ముడిపడినది. మధ్యయుగమంతా పూడ్చే చోటు చర్చి ఆవరణే కనుక ఎక్కువ ప్రాంతాల్లో దాన్ని కిర్ష్‌హోఫ్, అంటే చర్చి ప్రాంగణం అనేవారు. ఊళ్లు ఇరుకైపోయాక, మహమ్మారులు వచ్చినప్పుడల్లా శవాలను పట్టణం నడుమ పూడ్చడం మీద భయం పెరిగింది. మార్టిన్ లూథర్ 1527లో, మహమ్మారి వస్తే ఊరు విడిచి పారిపోవచ్చునా అనే విషయం మీద రాసిన చిన్న పుస్తకం చివర, సమాధుల స్థలం ఊరి బయట ఉండాలని వాదించారు. న్యూరెంబర్గ్ నగరం అప్పటికే ఆ పని మొదలుపెట్టింది. చిత్రకారుడు ఆల్బ్రెష్ట్ డ్యూరర్‌ను 1528లో పూడ్చింది నగర ప్రాకారం బయట ఉన్న యొహానిస్‌ఫ్రీడ్‌హోఫ్‌లోనే. హాలె నగరంలో 1557లో కట్టడం మొదలుపెట్టిన సమాధుల ఆవరణకు ష్టాట్‌గొట్టెస్‌ఆకర్ అని పేరు పెట్టారు. గొట్టెస్‌ఆకర్ అంటే దేవుని పొలం.

18వ శతాబ్దం చివర ప్రభుత్వాలే రంగంలోకి దిగాయి. చక్రవర్తి రెండో యోసెఫ్ 1784లో ఆస్ట్రియాలో ఊళ్లలోపలి సమాధుల స్థలాలను మూసివేసి బయటికి తరలించమని ఆజ్ఞాపించారు. 1791లో మొజార్ట్‌ను వియన్నా వెలుపలి సాంక్ట్ మార్క్స్ స్థలంలో పూడ్చడం ఆ ఆజ్ఞ ఫలితమే. ప్రష్యా 1794 నాటి ధర్మశాస్త్రంలో చర్చిల లోపలా, పట్టణాల్లో జనం నివసించే చోటా పూడ్చడాన్ని నిషేధించింది. ఇలా చర్చికి దూరంగా వెళ్లిన స్థలాన్ని చర్చి ప్రాంగణం అనడం ఎబ్బెట్టుగా ఉంటుంది. చర్చి ప్రసక్తి లేని ఫ్రీడ్‌హోఫ్ ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది. చెట్లు నాటి ఉద్యానవనంలా తీర్చిన కొత్త స్థలాల్లోకి అడుగుపెట్టినవారికి శాంతి అనే అర్థం తప్ప మరొకటి తోచే అవకాశమూ లేదు. 1874లో తెరిచిన వియన్నా త్సెంట్రాల్‌ఫ్రీడ్‌హోఫ్, 1877లో తెరిచిన హాంబర్గ్‌లోని ఓల్స్‌డోర్ఫ్ ఫ్రీడ్‌హోఫ్ ఈ కొత్త రకానికి పెద్ద ఉదాహరణలు. ఉత్తర జర్మనీలో కిర్ష్‌హోఫ్ కూడా చాలాచోట్ల నిలిచే ఉంది.

ఇప్పటిదాకా ఫ్రీడెను శాంతి అంటూ వచ్చాను. నిజానికి ఆ మాట కూడా మొదట మనం అనుకునే ప్రశాంతతను చెప్పేది కాదు. అదొక చట్టపరమైన స్థితి. పాత జర్మానిక్ సమాజంలో ఫ్రీడె అంటే ఒక పరిధిలో ఉన్నవారికి దొరికే రక్షణ. ఆ రక్షణ కోల్పోయి ఎవరైనా చంపదగినవాడైన మనిషిని ఫ్రీడ్‌లోస్, అంటే రక్షణ లేనివాడు అనేవారు. కోట గోడల లోపల ఎవరూ కత్తి దూయకూడదనే నియమం బుర్గ్‌ఫ్రీడె. 1495లో వోర్మ్స్ నగరంలో జరిగిన సామ్రాజ్య సభలో రాజు మాక్సిమిలియన్ (అప్పటికి ఇంకా చక్రవర్తి కాలేదు) ప్రకటించిన శాశ్వత లాండ్‌ఫ్రీడె, ప్రభువులు తమ పగలను తామే కత్తితో తీర్చుకోవడాన్ని నిషేధించింది. ఈ అర్థం ఇప్పటికీ చావలేదు: నేటి జర్మన్ శిక్షాస్మృతి 123వ సెక్షన్‌లో, అనుమతి లేకుండా ఇతరుల ఇంట్లో చొరబడే నేరం పేరు హౌస్‌ఫ్రీడెన్స్‌బ్రుఖ్, అంటే ఇంటి రక్షణను భంగపరచడం. స్థలం చుట్టూ వేసే కంచెకు దస్తావేజుల్లో వాడే మాట ఐన్‌ఫ్రీడుంగ్. అందుకని ఫ్రీట్ స్థానంలోకి ఫ్రీడె వచ్చినప్పుడు అర్థం ఒక్కసారిగా తలకిందులు కాలేదు. రక్షణ అనే పాత అర్థమున్న ఒక మాట పోయి, అదే అర్థమున్న మరో మాట వచ్చింది. ఫ్రీడె తన చట్టపరమైన బరువును దించుకుని ప్రశాంతతగా మెత్తబడ్డాకే ఫ్రీడ్‌హోఫ్ కూడా దానితో పాటు మెత్తబడింది.

ఇక ధాతువు. ఫ్రీటెన్, ఫ్రీడె రెండూ ఇండో-యూరోపియన్ భాషలో ప్రీ అనే ధాతువు నుంచి వచ్చినవి. ఇష్టపడడం, ప్రేమించడం దాని అర్థం. జర్మానిక్ శాఖలో పాత పకారం ఫకారమైంది. 1822లో యాకోబ్ గ్రిమ్ తన జర్మన్ వ్యాకరణపు రెండో ముద్రణలో క్రమబద్ధంగా వివరించిన మార్పు ఇది. సంస్కృతంలో పితృ, జర్మన్‌లో ఫాటర్; సంస్కృతంలో పాద, జర్మన్‌లో ఫూస్; పంచకు ఫ్యున్ఫ్. అదే వరుసలో సంస్కృత ధాతువు ప్రీ, జర్మానిక్ ఫ్రీ. మనం తెలుగులో రోజూ వాడే ప్రియం, ప్రీతి ఆ సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. గమనించండి, ఒకదానిలో హ్రస్వం, మరొకదానిలో దీర్ఘం. ఫ్రిడు, ఫ్రీటెన్‌ల మధ్య చూసిన తేడా లాంటిది మన ప్రియం, ప్రీతిల మధ్య కూడా ఉంది. ధాతువుకే రెండు పరిమాణాలున్నాయి. జర్మన్‌లో స్నేహితుడిని చెప్పే ఫ్రోయిండ్ అంటే మొదట ప్రేమించేవాడు. స్వేచ్ఛను చెప్పే ఫ్రై అంటే మొదట తనవాడు, ఇంటి ప్రియజనంలో ఒకడు, అంటే బానిస కానివాడు. శుక్రవారాన్ని చెప్పే ఫ్రైటాగ్‌లో ఉన్నది ఫ్రీయా అనే దేవత. ఆమె పేరు సంస్కృత ప్రియాతో సరిపోతుంది. దక్షిణాది ఫ్రైట్‌హోఫ్‌ను విన్నవారెవరైనా అందులో స్వేచ్ఛ ఉందనుకుంటే అది కూడా జానపద నిరుక్తే అవుతుంది, అది కూడా ఇదే ధాతువు దగ్గరికి చేరుతుంది.

గ్రిమ్ పేరు వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. గ్రిమ్ సోదరులు 1838లో ఆరంభించిన మహానిఘంటువు వారి జీవితకాలంలో పూర్తికాలేదు. తరువాతి పండితులు 1961కి గానీ ముగించలేకపోయారు. యాకోబ్ గ్రిమ్ 1863లో కన్నుమూసే నాటికి నిఘంటువు పని, పండును చెప్పే ఫ్రుఖ్ట్ అనే మాట దగ్గర ఉంది. అక్షరక్రమంలో ఫ్రీడ్‌హోఫ్ దానికి కొంచెం ముందు వస్తుంది. కాబట్టి ఈ మాట ఆయన చేతి మీదుగా, ఆయన చివరి కాలపు పనిలో వెళ్లిందే.

సమాసాన్ని చూడగానే విడదీయాలనిపించడం సహజం, అది మంచి అలవాటే. కానీ జర్మన్ సమాసానికి విగ్రహవాక్యం రాసే ముందు దాని పాత రూపం చూడడం తప్పనిసరి. మౌల్‌వుర్ఫ్ అంటే నేలలో బొరియలు తవ్వే చుంచు లాంటి జంతువు. మౌల్ అంటే జంతువు నోరు కనుక నోటితో మట్టి విసిరేదని అందరూ అనుకుంటారు. పాత రూపాల్లో ఉన్నది నోరు కాదు. మొదట మట్టి కుప్ప అనే మాట, తర్వాత మోల్ట్, అంటే మన్ను. అది చేసే పని కూడా పంజాలతోనే, నోటితో కాదు. జలప్రళయాన్ని చెప్పే జింట్‌ఫ్లూట్‌లో మొదటి భాగానికి అంతటా, ఎడతెగని అనే అర్థముండేది. అది మరుగున పడ్డాక జనం పాపాన్ని చెప్పే జ్యూండెను అందులో చూసి జ్యూంట్‌ఫ్లూట్ అన్నారు, బైబిలు కథ దానికి బాగా తోడ్పడింది. చివరికి ప్రామాణిక భాష పాత రూపానికే తిరిగి వచ్చింది. ఫ్రీడ్‌హోఫ్ అలా వెనక్కి రాలేదు.

నిజంగా ఫ్రీడె ఉన్న మాటలూ బోలెడున్నాయి. ఫ్రీడ్‌రిష్, జీగ్‌ఫ్రీడ్, గొట్‌ఫ్రీడ్ అనే పేర్లలో ఉన్నది పాత హ్రస్వ ఫ్రిడు. ఇక ఆధునిక కాలంలో శాంతితో కట్టిన నామ సమాసాలు ఫ్రీడెన్స్ అనే రూపంతో మొదలవుతాయి: సంధి పత్రం ఫ్రీడెన్స్‌ఫెర్ట్రాగ్, శాంతి ఉద్యమం ఫ్రీడెన్స్‌బెవేగుంగ్. ఒంటి ఫ్రీడ్ కనబడితే అది పాత సమాసమో, లేక పాతదాన్ని చూసి కట్టినదో అయివుంటుంది. ఇది నిర్ణాయకమైన రుజువు కాదు గానీ, విద్యార్థికి ఆగి చూడమని చెప్పే మంచి సూచన.

మీ నోట్సులో రాసుకోవడానికి నా సలహా ఇది. నేటి జర్మన్ మాట్లాడేవారికి ఫ్రీడ్‌హోఫ్‌లో వినిపించేది శాంతే కనుక, వాడుక దృష్టితో శాంతి ప్రాంగణం అని అర్థం చెప్పడం తప్పు కాదు. వ్యుత్పత్తి అడిగినప్పుడు మాత్రం రక్షిత ఆవరణ అని రాసి, ఫ్రీటెన్ అనే క్రియను చూపించి, ఫ్రీడె ప్రభావం వల్ల నేటి రూపం నిలిచిందని చేర్చండి. ఆ ప్రభావం ఎంత బలంగా నాటుకుందో తెలియాలంటే 2001 నుంచి జర్మనీలో నడుస్తున్న ఫ్రీడ్‌వాల్డ్‌ను చూడవచ్చు. దహనం తర్వాత చితాభస్మాన్ని అడవిలో చెట్టు మొదట్లో పూడ్చే పద్ధతికి ఒక సంస్థ పెట్టిన పేరు అది; వాల్డ్ అంటే అడవి. ఆ పేరులోని ఫ్రీడ్‌కు పాత క్రియతో ఏ పరిచయమూ లేదు. అక్కడ ఉన్నది ఫ్రీడ్‌హోఫ్ నుంచి విరిచి తీసుకున్న ముక్క, దాన్ని వినేవారందరికీ అందులో అర్థమయ్యేది శాంతి. కాబట్టి ఫ్రీడ్‌వాల్డ్‌ను మాత్రం మీరు నిస్సందేహంగా శాంతివనం అని విడదీయవచ్చు.